ఇంజంక్షన్ ఉండగానే పొలంలోకి దిగితే: కోర్టు ధిక్కరణపై తరచుగా అడిగే ప్రశ్నలు

నేను జిల్లా కోర్టులో సివిల్ కేసులు చూసే లాయర్‌ని. ఇంజంక్షన్ అంటే ఫలానా పని చేయొద్దని కోర్టు ఇచ్చే ఆర్డర్. "ఆర్డర్ మాకే వచ్చింది సార్, అయినా రాత్రికి రాత్రి గట్టు చెరిపేశారు" అన్న మాట వినని వారం ఉండదు. అలా వచ్చినవాళ్ల దగ్గర ఆర్డర్ కాపీ పాసుపుస్తకంలో పెట్టి భద్రంగా ఉంటుంది. కానీ దాన్ని అవతలివాళ్లకు ఏ రోజు అందజేశారు, అందులో హద్దులు ఏమని రాశారు, గట్టు చెరిపిన రోజు మీరు ఏం చేశారు అని అడిగితే చాలామంది నోట మాట రాదు. గెలవాల్సిన పిటిషన్లు ఎక్కువగా అక్కడే పోతున్నాయి. నన్ను పదే పదే అడిగే ప్రశ్నలకు తెలిసినంతలో సూటిగా జవాబులు రాస్తున్నాను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండు చోట్లా చట్టం ఒకటే.

అవతలివాళ్లు ఆర్డర్ పాటించకపోతే అది కోర్టు ధిక్కరణే కదా?

పాటించకపోవడం ఒక్కటే చాలదు. తెలిసీ, కావాలని పాటించకపోతేనే ధిక్కరణ. 1971 నాటి కోర్టు ధిక్కరణ చట్టం సెక్షన్ 2(బి) ప్రకారం తీర్పు, డిక్రీ, ఆదేశం, రిట్ ఇలా కోర్టు ఇచ్చిన దేన్నైనా బుద్ధిపూర్వకంగా ఉల్లంఘించినా, కోర్టుకు ఇచ్చిన హామీని తప్పినా అది సివిల్ ధిక్కరణ. జడ్జి మీద నిందలు వేయడం, కోర్టు పనికి అడ్డుపడటం క్రిమినల్ ధిక్కరణ కిందకు వస్తాయి, భూమి గొడవల్లో దాని అవసరం చాలా అరుదు.

కలుపు తీసే కూలీలు పొరపాటున గట్టు దాటి నాలుగు సాళ్లు ఇవతలికి వచ్చారనుకోండి, దాన్ని ధిక్కరణ అని నిలబెట్టడం కష్టం. అదే యజమాని గట్టు మీద నిలబడి ట్రాక్టర్ డ్రైవర్‌కు చెయ్యి చూపిస్తూ దున్నిస్తే అది వేరే సంగతి. ఈ కేసులో చివరికి మనిషికి శిక్ష పడే అవకాశం ఉంది కాబట్టి రుజువు గట్టిగా ఉండాలి, అనుమానం మిగిలితే లాభం అవతలివాళ్లకే పోతుంది.

మా ఇంజంక్షన్ జూనియర్ సివిల్ జడ్జి కోర్టు ఇచ్చింది. హైకోర్టులో కంటెంప్ట్ (ధిక్కరణ కేసు) వేయాలా?

ఎక్కువమంది డబ్బు తగలేసుకునేది ఈ ప్రశ్న దగ్గరే. కింది కోర్టుల ధిక్కరణకు శిక్షించే అధికారం సెక్షన్ 10 కింద హైకోర్టుకు ఉంది, కాదనను. కానీ తాత్కాలిక ఇంజంక్షన్ ఉల్లంఘిస్తే ఆ ఆర్డర్ ఇచ్చిన కోర్టులోనే సివిల్ ప్రొసీజర్ కోడ్, ఆర్డర్ 39 (కోడ్‌లో ఆర్డర్ అంటే అధ్యాయం లాంటిది) రూల్ 2ఎ కింద పిటిషన్ వేసుకునే దారి ఉంది. ఆ దారి ఉండగా నేరుగా పైకి వెళ్తే హైకోర్టు మామూలుగా "ముందు అక్కడికి వెళ్లండి" అంటుంది. ఈలోగా మీ నెలలు, ఫీజులు, అమరావతికో హైదరాబాద్‌కో తిరిగిన బస్సు ఛార్జీలు అన్నీ పోతాయి.

రూల్ 2ఎ కింద కోర్టు రెండు పనులు చేయగలదు. ఉల్లంఘించిన వ్యక్తి ఆస్తిని జప్తు చేయవచ్చు, మనిషిని 3 నెలలకు మించకుండా సివిల్ జైల్లో పెట్టమనవచ్చు. జప్తు ఏడాది దాకా ఉంటుంది, అప్పటికీ దారికి రాకపోతే ఆ ఆస్తి అమ్మి నష్టపోయినవాళ్లకు పరిహారం ఇప్పించవచ్చు. జప్తు అనగానే కదిలినవాళ్లను నేను చూశాను, ఎందుకంటే జప్తులో ఉన్న ఆస్తిని అమ్ముకోలేరు, మంచి చోట ప్లాటు ఉన్నవాడికి అది పెద్ద టెన్షన్.

అయితే రూల్ 2ఎ అసలు దావా నడుస్తున్నంత కాలానికే. దావా తేలి శాశ్వత ఇంజంక్షన్ డిక్రీ వచ్చాక తాత్కాలిక ఆర్డర్ దాంట్లో కలిసిపోతుంది, ఆ తర్వాత ఉల్లంఘిస్తే ఆర్డర్ 21 రూల్ 32 కింద ఈపీ (డిక్రీ అమలు పిటిషన్) వేయాలి. 2011లో సుప్రీంకోర్టు ఢిల్లీకి చెందిన ఒక ఇంటి గొడవలో ఈ తేడాను స్పష్టంగా చెప్పింది. ఆర్డర్ ఇచ్చింది హైకోర్టే అయితే మాత్రం ధిక్కరణ కేసు నేరుగా హైకోర్టులోనే.

"మాకు ఆర్డర్ సంగతే తెలియదు" అంటున్నారు. ఏం చేయాలి?

తెలుసని మీరే చూపించాలి. మూడేళ్ల క్రితం ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చారు. ఎక్స్‌పార్టీ (అవతలివాళ్లను వినకుండా ఇచ్చిన) ఇంజంక్షన్ వచ్చి నలభై రోజులైంది, కాపీ బీరువాలో ఉంది. "కోర్టే పంపిస్తుంది కదయ్యా" అనుకున్నారాయన. పక్క పొలంవాళ్లు కడీలు పాతి తీగ లాగేశారు. ఆ రోజు వాళ్లకు నోటీసు అందినట్టు ఫైల్లో ఒక్క కాగితం లేదు. ఆయన మాట అబద్ధం కాదు, ఊళ్లో అందరికీ తెలుసు, కానీ ఆ తెలియడాన్ని కోర్టు ముందు పెట్టలేకపోయాం.

అవతలివాళ్లు లేకుండా ఇచ్చిన ఆర్డర్ అయితే ఆర్డర్ 39 రూల్ 3 ప్రకారం పిటిషన్, అఫిడవిట్, ప్లెయింట్ (దావా పత్రం), డాక్యుమెంట్ల కాపీలు వెంటనే అవతలివాళ్లకు అందజేయాలి లేదా రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి. పంపినట్టు అదే రోజు గానీ మర్నాడు గానీ కోర్టులో అఫిడవిట్ వేయాలి. వీటితోపాటు ఆర్డర్ కాపీ కూడా పంపండి. నేనైతే ఇంకో మూడు పనులు చేయిస్తాను. కోర్టు అమీనా వెళ్లిన రోజు తలుపు తీయకపోతే ఎవరి సమక్షంలో అంటించారో రాయించుకుంటాను, ఆర్డర్ కాపీని వాట్సాప్‌లో పంపించి చూసినట్టు వచ్చే నీలి గుర్తులతో స్క్రీన్‌షాట్ తీయిస్తాను, స్టేషన్‌లో ఒక కాపీ ఇచ్చి రసీదు తీసుకోమంటాను. అవతలి లాయర్ కోర్టులో ఉండగా ఆర్డర్ వచ్చి ఉంటే ఇంత అక్కర్లేదు, ఆ రోజు డాకెట్‌లో (కోర్టు రోజువారీ రికార్డులో) ఆయన హాజరు ఉంటుంది.

స్టేటస్ కో అని ఇచ్చారు. అంటే పొలంలో ఎవరు ఉండాలి?

ఈ ప్రశ్నకు ఆర్డర్‌లో జవాబు లేకపోతే గొడవ మళ్లీ మొదలైనట్టే. "ఉభయ పక్షాలు యథాతథ స్థితి పాటించాలి" అని ఒక్క వాక్యం ఉంటుంది. ఆ రోజు పొలంలో ఎవరున్నారో అందులో ఉండదు. ఇద్దరూ "స్వాధీనం మాదే" అంటారు, ఇద్దరూ నాట్లు వేయడానికి పోతారు, ఇద్దరూ ఒకరి మీద ఒకరు ధిక్కరణ వేసుకుంటారు. ఆర్డర్‌కు రెండు అర్థాలు వచ్చే వీలుంటే, అందులో ఒక అర్థం ప్రకారం నడిచినవాడిని కోర్టు శిక్షించదు.

అందుకే స్టేటస్ కో వచ్చిన రోజే మీ లాయర్‌ను అడగండి: ఏ తేదీ నాటి స్థితి? స్వాధీనం గురించా, కట్టడాల గురించా, అమ్మకం గురించా? స్పష్టత లేకపోతే క్లారిఫికేషన్ పిటిషన్ వేయండి. ఆర్డర్ 26 రూల్ 9 కింద అడ్వకేట్ కమిషనర్‌ను వేయించుకుంటే ఇంకా మంచిది, ఆయన వచ్చి చెట్లు, బోరు, షెడ్డు, హద్దు రాళ్లు, పైరు ఎంత ఎత్తుందో సహా రాసుకుని ఫొటోలతో రిపోర్టు ఇస్తారు. రేపు ఏదైనా మారితే ఏం మారిందో చెప్పడానికి అదే ఆధారం. కోతకొచ్చిన పంట ఉంటే దాని సంగతి విడిగా అడగండి. స్టేటస్ కో పేరు చెప్పి వరి పొలంలోనే రాలిపోతుంటే ఇరువైపులా కూర్చుని చూసిన కేసు నాకు తెలుసు, నాకైతే అంతకంటే బాధ కలిగించే దృశ్యం ఇంకోటి లేదు.

ఇప్పుడే, ఈ క్షణమే జేసీబీ దించారు. ఏం చేయమంటారు?

జేసీబీకి అడ్డంగా పడుకోవద్దు, కర్రలు పట్టుకోవద్దు. మీ మీదే క్రిమినల్ కేసు పడితే సివిల్ కేసులో మీ బలం సగం పోతుంది. 112కు ఫోన్ చేయండి, కాల్ చేసిన సమయం నమోదవుతుంది. ఫోన్‌లో వీడియో తీయండి. వీడియోలో ముందు పొలం గుర్తుపట్టేలా ఏదో ఒకటి రావాలి, కరెంటు స్తంభం, గుడి గోపురం, పక్కవాళ్ల బోరు షెడ్డు, ఏదైనా. తర్వాత బండి నంబర్ ప్లేటు, అక్కడ నిలబడ్డవాళ్ల మొహాలు, వాళ్లలో ఎవరు చెయ్యి చూపిస్తున్నారో. లొకేషన్ ఆన్ చేసి పెట్టుకోండి.

ఆ వీడియోను ఎడిట్ చేయకండి, ఫోన్ మార్చకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ ఇవ్వాలి, పాత సాక్ష్య చట్టం సెక్షన్ 65బి స్థానంలో 2024 జూలై 1 నుంచి ఇదే నడుస్తోంది. సాయంత్రానికల్లా స్టేషన్‌లో రాతపూర్వక ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి, మర్నాడే లాయర్ దగ్గరికి వెళ్లండి. వారం పోయాక వేసిన పిటిషన్‌కు అవతలి లాయర్ మొదటి ప్రశ్న "ఇన్నాళ్లు ఏం చేశారు?" అనే.

పోలీసులు "సివిల్ మేటర్, మాకు సంబంధం లేదు" అంటున్నారు.

మీ భూమి ఎవరిదో తేల్చే పని వాళ్లది కాదు, ఆ మేరకు వాళ్లు అన్నది నిజమే. కోర్టు ఆర్డర్ అమలుకు సాయం చేయడం వేరే విషయం. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 151 కింద పోలీసు ఎయిడ్ కావాలని ఆర్డర్ ఇచ్చిన కోర్టునే అడగండి. ఇంజంక్షన్ అమలుకు పోలీసు సాయం ఇవ్వమనే అధికారం సివిల్ కోర్టుకు ఉందని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఎప్పుడో చెప్పింది, ఆ తీర్పు 1971 రిపోర్టుల్లో ఉంది, మన లాయర్లు ఈనాటికీ దాన్నే చూపిస్తారు. ఆ ఆర్డర్ చేతిలో ఉంటే ఎస్‌ఐ గారు మాట్లాడే తీరు మారిపోతుంది.

ఆరు నెలలు దాటితే స్టే దానంతట అదే పోతుందట కదా?

పోదు. 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు వల్ల ఆ మాట ఊరూరా పాకింది. 2024 ఫిబ్రవరి 29న అయిదుగురు జడ్జిల ధర్మాసనం దాన్ని పక్కన పెట్టింది, కేవలం కాలం గడిచినంత మాత్రాన స్టే రద్దు కాదని చెప్పింది. పాత మాట నమ్ముకుని ఇల్లు కట్టడం మొదలుపెట్టినవాళ్లు ఇప్పటికీ కనిపిస్తున్నారు.

అలాగని నిశ్చింతగా ఉండొద్దు. "ఫలానా తేదీ వరకు" అని పరిమితి పెట్టి ఇచ్చిన ఆర్డర్‌ను ఆ తేదీన పొడిగించకపోతే ఆర్డర్ లేనట్టే. ప్రతి వాయిదా తర్వాత ఈ-కోర్ట్స్ యాప్‌లో మీ కేసు 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు (ప్రతి కేసుకు ఉండే గుర్తింపు నంబరు) కొట్టి చూసుకోండి, అందులో లేకపోతే లాయర్ గుమాస్తాను అడగండి.

ఆర్డర్ తప్పు. భూమి మాది, అబద్ధాలు చెప్పి ఇంజంక్షన్ తెచ్చుకున్నారు. మేమెందుకు పాటించాలి?

మీ కోపం అర్థమవుతుంది, తాతల నాటి పొలంలో కాలు పెట్టొద్దని ఒక కాగితం చెబితే ఎవరికైనా కడుపు రగులుతుంది. కానీ పాటించండి, పాటిస్తూనే కొట్లాడండి. ఆర్డర్ తప్పని మీరు తేల్చుకుంటే చాలదు, కోర్టు తేల్చాలి. ఆర్డర్ ఇచ్చిన కోర్టుకు అసలు ఆ కేసు వినే పరిధే లేదని తర్వాత తేలినా, ఆర్డర్ ఉన్నంతకాలం దాన్ని ఉల్లంఘించినందుకు శిక్ష తప్పదని 1997లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

దారులు ఉన్నాయి. ఆర్డర్ 39 రూల్ 4 కింద అదే కోర్టులో వెకేట్ పిటిషన్ (ఆర్డర్ రద్దు చేయమని) వేయవచ్చు, ముఖ్యమైన విషయాలు దాచి తెచ్చుకున్నారని చూపిస్తే రద్దు చేస్తారు. ఆర్డర్ 43 కింద పై కోర్టులో సీఎంఏ (ఇలాంటి ఆర్డర్ల మీద వేసే అప్పీల్) వేయవచ్చు. ఎక్స్‌పార్టీ ఆర్డర్ అయితే 30 రోజుల్లో ఆ ఇంజంక్షన్ పిటిషన్ తేల్చేందుకు ప్రయత్నించాలని రూల్ 3ఎ చెబుతోంది, అది గుర్తు చేయండి. ఇంకోటి, అప్పీల్ వేసిన రసీదు స్టే కాదు. అప్పీల్ నంబరు పడింది కదా అని పొలంలో దిగి ఇరుక్కున్నవాళ్లు ఉన్నారు.

కేసు నడుస్తుండగా, అమ్మొద్దన్న ఆర్డర్ ఉండగా రిజిస్ట్రేషన్ చేసేశారు. ఇక అయిపోయినట్టేనా?

కాదు. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 52 ప్రకారం కేసులో ఉన్న ఆస్తిని కొన్నవాళ్లు ఆ కేసు ఫలితానికి కట్టుబడాల్సిందే. దాని మీద కోర్టు నిషేధం కూడా ఉంటే విషయం ఇంకా గట్టిది. 1995లో ఒక తీర్పులో, కోర్టు వద్దన్నాక జరిగిన బదలాయింపును గుర్తిస్తే కోర్టు ఆర్డర్‌కు అర్థమే ఉండదని సుప్రీంకోర్టు తేల్చింది. 2023 సెప్టెంబరులో గుజరాత్ నుంచి వచ్చిన కేసులో, భూమి అమ్మబోమని హైకోర్టుకు హామీ ఇచ్చి తర్వాత అమ్మేశారు. ఆ హామీ ఇచ్చింది వాళ్ల లాయర్. అయినా కక్షిదారులను అది కట్టేసిందని, ఆ సేల్ డీడ్లు చెల్లవని హైకోర్టు అంటే సుప్రీంకోర్టు సమర్థించింది, ఆఖర్లో చెప్పిన క్షమాపణను ఒప్పుకోలేదు.

నా సలహా ఒక్కటే: ఆర్డర్ రాగానే కాపీని సబ్‌ రిజిస్ట్రార్ ఆఫీసులో, తహసీల్దార్ ఆఫీసులో ఇన్‌వర్డ్ స్టాంపు వేయించి ఇవ్వండి. తెలిసి కూడా ఉల్లంఘనకు చేయి కలిపితే కేసులో పార్టీ కాని వ్యక్తి కూడా చిక్కుల్లో పడతాడు. రేపు కొనబోయే మనిషికి మీరు పంపిన రిజిస్టర్డ్ లెటర్ కూడా పనికొస్తుంది.

ఉల్లంఘించింది తహసీల్దారే అయితే?

ఇలాంటప్పుడు జనం వెనక్కి తగ్గుతారు, "ఆఫీసర్ మీద ఏం గెలుస్తాం" అంటారు. గుంటూరు జిల్లా కేసు చెబుతాను. 2013-14లో అక్కడ తహసీల్దార్‌గా ఉన్న అధికారి హైకోర్టు ఆదేశం ఉండగానే పేదల గుడిసెలు తీయించారు. బాధితులు ధిక్కరణ వేశారు. సింగిల్ జడ్జి 2 నెలల జైలు, జరిమానా వేశారు, డివిజన్ బెంచ్ (ఇద్దరు జడ్జిల ధర్మాసనం) అదే నిలబెట్టింది. ఈలోగా ఆయన డిప్యూటీ కలెక్టర్ అయ్యారు. 2025 మే నెలలో సుప్రీంకోర్టు ధిక్కరణ నిజమేనని ఖాయం చేసి, కుటుంబం కోసమని జైలు తప్పించి, ఆయన్ను తిరిగి తహసీల్దార్ హోదాకు దించింది, లక్ష రూపాయల జరిమానా కట్టమంది. గుడిసెల్లో ఉన్నవాళ్లు పదేళ్లకు పైగా వదలకుండా నడిపిన కేసు అది, అందుకే నాకు వాళ్లంటే గౌరవం.

2022లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రభుత్వ బడుల ఆవరణలో సచివాలయాలు కట్టొద్దన్న ఆదేశం పాటించలేదని ఎనిమిది మంది ఐఏఎస్‌లకు రెండు వారాల జైలు వేసి, క్షమాపణ చెప్పాక సంక్షేమ హాస్టళ్లలో సేవ చేయమంది.

పిటిషన్‌లో అధికారిని హోదాతో కాక పేరుతో పార్టీ చేయాలి, ధిక్కరణ మనిషి మీద పడేది. ఆర్డర్ కాపీ ఆయన ఆఫీసుకు ఏ తేదీన చేరిందో ఆధారం పెట్టండి. అధికారులను ప్రతి చిన్నదానికీ కోర్టుకు పిలిపించొద్దని 2024 జనవరిలో సుప్రీంకోర్టు పద్ధతి నిర్దేశించింది, కాబట్టి మొదటి వాయిదాకే ఆయన వచ్చి చేతులు కట్టుకుని నిలబడతారని ఆశ పెట్టుకోవద్దు.

ఎంత గడువులోపు వేయాలి?

ధిక్కరణ చట్టం సెక్షన్ 20 ప్రకారం ఉల్లంఘన జరిగిన రోజు నుంచి ఏడాదిలోపు. ఏడాదిలోపు పిటిషన్ దాఖలైతే చాలని 2001లో సుప్రీంకోర్టు చెప్పింది. "పెద్దమనుషులు మాట్లాడుతున్నారు" అని ఆగి ఏడాది దాటించుకోవడం మా దగ్గర మామూలైపోయింది. పంచాయితీ చేసుకోండి, పిటిషన్ వేసి చేసుకోండి.

జైలుకు పంపుతారా?

ధిక్కరణ చట్టంలో 6 నెలల దాకా సాధారణ జైలు, 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ ఉన్నాయి. సివిల్ ధిక్కరణలో జరిమానాతో సరిపోదు అనుకుంటేనే సివిల్ జైలు. క్షమాపణ నిజాయితీగా ఉందనిపిస్తే వదిలేయవచ్చు. అవతలివాడు జైలుకు పోతే చూడాలన్నదే మీ కోరికైతే నిరాశ పడే అవకాశం ఎక్కువ. గట్టు మళ్లీ వేయించాలి, తీగ తీయించాలి, గోడ పడగొట్టించాలి అని అడగండి. ధిక్కరించి సంపాదించినది చేతిలో ఉంచుకోనివ్వకూడదన్నది 1996 నాటి సుప్రీంకోర్టు మాట, ఆ మాట మీద ఆధారపడి పాత స్థితి తిరిగి తెప్పించుకోవచ్చు. అయితే అసలు ఆర్డర్‌లో లేని కొత్త హక్కు ధిక్కరణ పిటిషన్‌లో దొరకదు. భూమి ఎవరిదన్నది దావాలోనే తేలాలి.

పిటిషన్ కొట్టేశారు. అప్పీల్ ఉందా?

శిక్ష పడ్డవాళ్లకు ధిక్కరణ చట్టం సెక్షన్ 19 కింద అప్పీల్ ఉంది, సింగిల్ జడ్జి ఆర్డర్ మీద డివిజన్ బెంచ్‌కు 30 రోజులు, బెంచ్ ఆర్డర్ మీద సుప్రీంకోర్టుకు 60 రోజులు. శిక్షించడానికి కోర్టు నిరాకరిస్తే ఆ సెక్షన్ కింద మీకు అప్పీల్ లేదు, రాజ్యాంగం ఆర్టికల్ 136 కింద సుప్రీంకోర్టును అడగడమే. రూల్ 2ఎ ఆర్డర్ మీద మాత్రం సీఎంఏ వేసుకోవచ్చు.

మేం అమెరికాలో ఉన్నాం. నాన్న పేరున పొలం, ఊళ్లో ఎవరూ లేరు.

మీరు జీపీఏ (మీ తరఫున వ్యవహరించే అధికారపత్రం) ఇచ్చిన మనిషి పిటిషన్ వేయగలడు, కానీ మీకు మాత్రమే తెలిసిన విషయాలకు మీ బదులు సాక్ష్యం చెప్పలేడు. గట్టు చెరిపింది కళ్లారా చూసిన పాలేరో, కౌలుదారో, పక్క పొలం రైతో సాక్షిగా కావాలి. కౌలుదారుతో మాట్లాడుతూ ఉండండి, సంవత్సరానికోసారి కౌలు డబ్బుల కోసమే కాదు.

అన్నదమ్ముల గొడవ. 2ఎ వేశాక రాజీ పడొచ్చా?

తప్పకుండా. గత ఏడాది ఒక కేసులో తమ్ముడు బోరు దగ్గర అన్న పైపులు కోసేశాడు, ఇంజంక్షన్ ఉంది, వీడియో ఉంది, మేం గెలిచే కేసే. వాయిదా రోజు వాళ్ల అమ్మ ఇద్దరి మధ్యా బెంచీ మీద కూర్చుంది. మధ్యాహ్నానికి రాజీ కుదిరింది. నేను రాసిన మెమోలో "ఇకపై గొడవ పడము" అని రాయలేదు. బోరు మోటారు ఏ రోజు ఎవరు ఎన్ని గంటలు వేసుకోవాలి, కోసిన పైపులు ఏ తేదీలోగా ఎవరి ఖర్చుతో వేయాలి, తప్పితే ఏం చేయాలి అని రాసి, కోర్టుకు ఇచ్చిన హామీగా రికార్డు చేయమని అడిగాను. జడ్జి గారు ఇద్దరికీ తెలుగులో చదివి వినిపించి వేలిముద్ర, సంతకం చేయించారు. పైపులు నాలుగో రోజునే పడ్డాయి.